అమ్మమ్మ దీపానికి వెనకచక్రం స్టీమరు

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఉపద్రవాలు కొత్త కాదు. వరదలు చూశాం, తుఫానులు చూశాం, రెండూ ఒకేసారి చుట్టపుచూపుగా దిగడమూ చూశాం. వాటన్నిటికీ కారకుడు పైనున్నవాడు. కానీ యానాం రేవులో, ఒక కార్తీకం ముగిసిన తెల్లవారుజామున, ఊరి ఆడవాళ్ళు నెల్లాళ్ళు చన్నీళ్ళలో మునిగి కూడబెట్టుకున్న పుణ్యమంతా పావుగంటలో నీటిపాలయిందే, ఆ ఉపద్రవానికి మాత్రం కారకుణ్ణి నేనే. ఇందులో దేవుడికి వాటా లేదు. అడిగినా ఇవ్వను.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, సాక్షులు బతికున్నారు. ఇప్పుడు మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరి కళ్ళజోడు ప్రస్తుతం నా జేబులో ఉంది కాబట్టి ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

అది యాభైల్లో మాట. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిన కొత్త. నాకు ఇరవై దాటాయి. ఊరు మొత్తానికి నా అంత బుర్రున్నవాడు లేడని యానాం అంతా చెప్పుకునేది. సరే, యానాం అంతా కాదు. నేనూ, సైకిలు షాపు జోజీ చెప్పుకునేవాళ్ళం. ఇంకా నిజం కావాలంటే, జోజీ కూడా నేను పక్కనున్నప్పుడే చెప్పేవాడు.

నా చదువంతా ఫ్రెంచి బడిలో సాగింది. ఫ్రెంచి సర్కారులో కుర్చీ ఖాయమనుకుని, ఎలా కూర్చోవాలో కూడా సాధన చేసుకుంటూ ఉండగా సర్కారే లేచి వెళ్ళిపోయింది. పెళ్ళిబట్టలు కుట్టించుకున్నాక పెళ్ళివారే ఊరు మారిపోయినట్టయింది. నా చేతిలో ఫ్రెంచి భాష ఒక్కటీ మిగిలింది. దాంతో మంగళవారం సంతలో వంకాయలు కూడా బేరమాడలేం. అందుచేత పొద్దస్తమానం జోజీ షాపులో కూర్చుని, వాడు బాగుచేస్తున్న సైకిళ్ళకి సలహాలిస్తూ ఉండేవాణ్ణి.

నా మేనమామ కూతురు తాయారు. అది పుట్టినప్పుడే నాదని చుట్టాలందరూ అనేవారట. నేను పెరిగేకొద్దీ అలా అనేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఆ ఏడు కాకినాడ నుంచి దానికో సంబంధం వచ్చింది. కుర్రాడు తాలూకా ఆఫీసులో గుమస్తా. కుర్చీ ఉంది, కుర్చీలో కూర్చోనిచ్చే సర్కారూ ఉంది. మామయ్య ఇంటి యజమానే కానీ, ఆయన నిర్ణయాలన్నీ అమ్మమ్మ చెప్పాక తీసుకునేవాడు. కాబట్టి తిన్నగా అమ్మమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తోంది.

"అమ్మమ్మా, తాయారుని నాకివ్వడానికి నీకున్న అభ్యంతరం ఏవిటి?"

"నువ్వేరా."

"నేను నీ కూతురి కొడుకుని!"

"అందుకే ఇంట్లోకి రానిస్తున్నాను. బయటివాడివైతే వీధిలోనే మాట్లాడేదాన్ని."

"నాకేం తక్కువ?"

"పని."

 పరువు దక్కించుకోవడానికి మాట మార్చి, "పోలి దగ్గరకొచ్చింది కదా, వత్తులా?" అన్నాను. మార్చకూడని చోటికి మార్చానని ఆవిడ మొహం చూశాక తెలిసింది.

పోలి సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. కార్తీకమాసమంతా స్నానాలూ దీపాలూ అయ్యాక, అమావాస్య మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్ళు అరటిదొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్ళలో వదులుతారు. పోలి అనే చిన్నకోడలి భక్తికి మెచ్చి విమానం దిగివచ్చి స్వర్గానికి తీసుకుపోతుంటే, అత్తగారూ తోడికోడళ్ళూ మేమూ వస్తామని ఆవిడ కాళ్ళు పట్టుకు వేళ్ళాడి దబ్బున కిందపడ్డారని కథ. దీపం ఎంత దూరం పోతే పోలి అంత సుఖంగా చేరినట్టు. పంపినవాళ్ళకి అంత పుణ్యం.

మా యానాంలో దీనికో చిక్కుంది. సముద్రం పక్కనే కావడంతో మా గౌతమికి ఆటుపోట్లుంటాయి. అమావాస్య మర్నాడు తెల్లవారుజామున మా రేవులోకి పోటు ఎక్కుతూ ఉంటుంది. శాస్త్రం చీకటి ఉండగా వదలమంటుంది, నీళ్ళేమో ఒడ్డుకి తోస్తాయి. బలంగా తోసినవాళ్ళ దొప్పలు ఎలాగో నది మధ్యకి పడి సాగిపోయేవి. మా అమ్మమ్మ దొప్ప మాత్రం ఒక చుట్టు తిరిగి, పేరుపెట్టి పిలిచినట్టుగా వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గరే ఆగేది. ఒక ఏడు కాదు, ఏటా అంతే. ఎదురింటి సూరమ్మగారు ఏటా పక్కనే నిలబడి అనేది: "పిన్నిగారూ, స్వర్గంలో ఇంకా గది ఖాళీ అవలేదంటండి. ఈ ఏడూ వెనక్కి పంపించేసేరు!"

ఆ మాట గుర్తొచ్చి అమ్మమ్మ చేతిలో వత్తి తాడులా పేనుకుపోతోంది. నా బుర్రలో మెరుపు మెరిసింది. నా బుర్రలో మెరుపులకి ఎప్పుడూ కొదవ లేదు. పిడుగులు ఎక్కడ పడతాయన్నదే చిక్కు.

"అమ్మమ్మా! ఈ ఏడు నీ దీపం ఎదుర్లంక ఒడ్డెక్కుతుంది. ఎక్కించేది నేను. ఎక్కితే?"

అమ్మమ్మ వత్తి కింద పెట్టింది. ఎదుర్లంక అంటే మాటలా! గౌతమికి ఆవలి ఒడ్డు.

"ఎక్కితే తాయారు నీదే."

"ఎక్కకపోతే?"

"కాకినాడ వాళ్ళకి కబురు పెడతాను. ఆ పెళ్ళిలో వడ్డన నువ్వే చెయ్యాలి."

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. తాయారు బయటికొచ్చింది. "ఏం బావా, నన్నడక్కుండా నామీద పందెం కాసేవా?"

"నామీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నీ చేతిపని మీద లేదు. నువ్వు బాగుచేసిన కుట్టుమిషను కుట్టినంత మేరా విప్పుకుంటూ వస్తోంది."

"అది మిషను లోపం."

"సరేలే, కాకినాడ వాళ్ళకి వడ్డించేటప్పుడు నాకు గారెలు రెండెక్కువ వెయ్యి," అని లోపలికి పోయింది.

*

రేవుకి కాస్త దిగువన, బురదలో, మా తాతల నాటి స్టీమరొకటి కూరుకుపోయి ఉండేది. ఏ తుఫానుకి కొట్టుకొచ్చిందో ఎవరికీ తెలియదు. దాని విశేషమల్లా చక్రం. పక్కల్లో ఉండదు, వెనక ఉంటుంది. పడవ వెడల్పంతా ఉన్న పెద్ద పలకల చక్రాన్ని తోకకి కట్టినట్టు ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ నీళ్ళని వెనక్కి తన్నితే పడవ ముందుకి పోతుంది. ఆ స్టీమరుకి అచ్చంగా నమూనా కట్టి, దాని మీద అమ్మమ్మ దీపం పెట్టి, పోటుకి ఎదురు నడిపించాలని నా పథకం.

జోజీ బుర్ర గోక్కున్నాడు. "వెనకచక్రమే ఎందుకు గురూ? పక్కచక్రాలైతే తేలిక గదా?"

"పిచ్చివాడా, పక్కచక్రాలైతే పక్కనున్న దీపాలకి తగుల్తాయి. వెనకచక్రమైతే ఎవరికీ హాని లేదు. మనం ముందుకెళ్ళిపోతాం. వెనక ఏవైతే మనకేం?"

ఎంత ముందుచూపో చూడండి.

కొలతలు మూరల్లో తీశాం. మూరకి అంగుళం చొప్పున కుదించాలని లెక్క. కుడివైపు నేను కొలిచాను, ఎడమవైపు జోజీ కొలిచాడు. జోజీ మనిషి తాటిచెట్టంత ఉంటాడు, చేతులు ఇంకాస్త పొడుగు. నేను ఉలవచెట్టంత. కాబట్టి మా కొలత ప్రకారం ఆ స్టీమరు ఎడమ కంటే కుడివైపు ఎనిమిది మూరలు పొడుగొచ్చింది.

"ఒకవైపు పొడుగ్గా ఉండే పడవ ఉంటుందా గురూ?"

"ఫ్రాన్సులో అన్నీ అలాగే ఉంటాయి," అన్నాను. నేను ఫ్రాన్సు చూడలేదు. జోజీ కూడా చూడలేదు. కాబట్టి వాదన నేనే నెగ్గాను. పడవ మాత్రం అరటికాయలా కాస్త వంపు తిరిగింది.

బూరుగుదుంగ తొలిచి పడవ అడుగు చేశాను. బిస్కట్ల డబ్బా రేకు కత్తిరించి పైన గదులు కట్టాను. అగ్గిపుల్లలతో కటకటాలు, పాత టార్చిలైటు గొట్టంతో పొగగొట్టం. చక్రానికి సైకిలు పుల్లలు, పలకలకి కొబ్బరిచిప్ప ముక్కలు. ఎంత అందంగా వచ్చిందంటే, చూసినవాళ్ళు ఇది నమూనా, బురదలో ఉన్నదే అసలు అని చెబితే తప్ప పోల్చుకోలేకపోయేవారు. (చూసింది జోజీ, వాడి మేక. మేక కటకటాలు కొంత తినేసింది కూడా.)

ఇక ఆవిరి. లోకంలో ఆవిరియంత్రాన్ని కనిపెట్టినవాళ్ళు ఎందరో ఉండొచ్చు. మరచెంబుతో కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. మరచెంబుకి మూత బిగుతుగా తిరుగుతుంది, లోపలి నీళ్ళు బయటికి రావు. బాయిలరుకి ఇంకేం కావాలి? అమ్మమ్మ కాశీ నుంచి తెచ్చుకున్న చెంబు ఆవిడకి తెలియకుండా తెచ్చి, మూతకి సన్నగొట్టం అతికి, దాన్ని సైకిలు పంపుకి కలిపి, పెరట్లో కుంపటి మీద పెట్టాను. కాసేపటికి చెంబు మూలిగింది. తరవాత వణికింది. ఆ తరవాత మూత లేదు.

"ఏవిట్రా ఆ చప్పుడు?" లోపల్నుంచి అమ్మమ్మ.

"ఏం లేదమ్మమ్మా. కొబ్బరికాయ పడింది."

"పెంకులు పగిలి నా మంచం మీద పడ్డాయి. కొబ్బరికాయ కిందనుంచి పైకి పడిందేవిట్రా?"

కనుక ఇప్పుడు మొదటి నిజం ఒప్పుకుంటున్నాను. యానాం స్టీమరని నేను యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న దానిలో ఆవిరి చుక్క కూడా లేదు. చక్రం ఇరుసుకి సైకిలు ట్యూబు రబ్బరు చీలికలు కట్టాను. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి మెలివేసి వదిలితే, రబ్బరు విప్పుకుంటూ చక్రాన్ని తిప్పుతుంది. మరి పొగగొట్టంలోంచి పొగ రావద్దూ? లోపల రెండు నిప్పుకణికలేసి సాంబ్రాణి చల్లాను. స్వర్గానికి పోయే స్టీమరుకి బొగ్గు వాసన కంటే సాంబ్రాణి వాసనే మర్యాద.

నూతి పక్కన గాబులో వదిలి చూశాం. గాబు పొడుగు పడవ పొడుగుకి రెట్టింపు. కాబట్టి పడవ బయల్దేరడమూ గమ్యం చేరడమూ ఒకేసారి జరిగాయి. ఇంతటి విజయం ఏ స్టీమరుకీ దక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు పెద్దలు. నేను గాబు గెలిచాను, ఇక గోదావరి ఎంత అనుకున్నాను.

*

పోలినాడు చీకటుండగానే పడవని జోజీ సైకిలు కేరేజీ మీద కట్టి, తువ్వాలు కప్పి, రేవుకి తీసుకెళ్ళాం. మంచు కురుస్తోంది. రేవంతా ఆడవాళ్ళు. అప్పటికే వందల దీపాలు నీళ్ళ మీదున్నాయి. పోటు ఎక్కుతుండటంతో అవన్నీ ఒడ్డుకి కాస్త ఎడంగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, చీకట్లో బంగారపు చాప పరిచినట్టు ఆగిపోయాయి. తాయారు అప్పుడే తన దొప్ప వదిలి కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది.

నేను తువ్వాలు తీశాను. రేవు రేవంతా తలలు తిప్పి చూసింది.

"ఇదేవిటి పిన్నిగారూ?" అంది సూరమ్మగారు.

"స్టీమరు," అంది అమ్మమ్మ, ఓడలు కొనడం ఆవిడకి అలవాటే అన్నట్టు. "మా మనవడు కట్టేడు. దీపం ఎదుర్లంక పోతోంది."

"అబ్బో! పోలి టిక్కెట్టు కొనుక్కోవాలా?"

"నీకైతే కొనాలి."

పడవని ఒడ్డునే నీళ్ళలో తేల్చి, ముందుభాగం నదివైపు పెట్టాను. ముందుకొసన దీపం పెట్టి వెలిగించి, చక్రాన్ని మెలివేసి పుల్ల అడ్డం పెట్టి ఆపాను. ఆ పుల్ల లాగడమే తరువాయి.

"ఆగరా," అంది అమ్మమ్మ, పళ్ళెంతో మెట్టు దిగి. "దీని మొహం ఎటు?"

"నదివైపు, అమ్మమ్మా."

"అయితే పసుపూకుంకాలు వెనకభాగానికి పెట్టమంటావా? దేవుడికి వీపువైపు హారతిస్తారా ఎక్కడన్నా? ఇటు తిప్పు."

ఆ మాట సబబుగానే తోచింది. తిప్పాను. ఇప్పుడు స్టీమరు మొహం ఆడవాళ్ళవైపు, చక్రం నదివైపు. అమ్మమ్మ బొట్టుపెట్టింది, అక్షతలు చల్లింది, హారతిచ్చింది. మిగతావాళ్ళు కూడా వచ్చి మొక్కారు. సూరమ్మగారు కూడా, ఎవరూ చూడకుండా.

"ఇక తిప్పుతాను," అన్నాను.

"తిప్పుతావా?" అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "హారతయ్యాక కదిపితే పూజ చెడుతుంది. పంపడం వరకే మనది."

"ఇలా వదిలితే తిన్నగా నీ ఒళ్ళోకొస్తుంది అమ్మమ్మా!"

"అది నువ్వు చూసుకో. స్టీమరు నీది, శాస్త్రం నాది."

మరొకడైతే అక్కడ చేతులెత్తేసేవాడు. నేను చిరునవ్వు నవ్వాను. పడవని తిప్పకూడదన్నారు కానీ చక్రాన్ని తిప్పకూడదనలేదుగా! మెలి విప్పేసి, ఎదురు మెలి వేస్తే సరి. చక్రం వ్యతిరేకంగా తిరుగుతుంది, పడవ వెనక్కి నడుస్తుంది. మొహం మనవైపే, ప్రయాణం స్వర్గంవైపు. దేవుడు కూడా భక్తుల్ని చూస్తూ వెనక్కి నడుచుకుంటూ వెళ్ళినట్టుంటుంది. నా తెలివికి నేనే ముగ్ధుణ్ణై, గాబులో వేసిన మెలికి రెట్టింపు వేశాను.

జోజీ మోకాల్లోతు నీళ్ళలో నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "గురూ, వెనక్కి నడిస్తే చక్రం ముందుకొస్తది గదా?"

"వస్తే?"

"ముందు దీపాలున్నాయి గదా?"

"దీపాలు తప్పుకుంటాయి."

"మనకి బెల్లు కూడా లేదు గురూ."

పుల్ల లాగేశాను.

ముందుంది మొసళ్ళ పండగ అంటారు. నాకు ముందు లేదు, పడవ వెనక ఉంది. చక్రం గిర్రుమంది. కొబ్బరిచిప్ప పలకలు ఆకలిగొన్న కోతిచేతుల్లా లేచాయి. మొదటి దొప్పని అందుకుని, పైకెత్తి, ఒక పల్టీ కొట్టించి, ఆర్పి, పక్కకి విసిరేసింది. దాని వెనక రెండోది. పెళ్ళిపంక్తిలో విస్తళ్ళు ఎత్తేవాడిలా వరసగా ఎత్తుకుంటూ పోయింది. ఒక దొప్ప తిన్నగా ఎగిరి సూరమ్మగారి భుజం మీద వాలింది.

"ఓలమ్మో! నా దీపం!"

"అది నాదే, నీది ఇంకా ముందుంది!"

"ముందున్నది ఇప్పుడే మింగేసింది!"

"ఎవడ్రా వాడు? ఆపండ్రా దాన్ని!"

ఆపడానికి నేను లోతు నీళ్ళలోకి దూకాను. పడవకి ఒకవైపు పొడుగన్న సంగతి అప్పుడు పనికొచ్చింది. తిన్నగా పోకుండా వంపు తిరిగి, చాపలో ఒక మూల మిగిలిన దీపాల మీదికి కూడా వెళ్ళింది. ఒక్కటి వదిలితే అన్యాయమైపోతుందన్నట్టు. ఏరు దాటి తెప్ప తగలేసినవాణ్ణి గురించి విన్నారు కదా. నేను తెప్పతో ఏరునే తగలేశాను. పొగగొట్టం మాత్రం ఇవేమీ పట్టనట్టు సాంబ్రాణి పొగ వదులుతోంది.

నా చెయ్యి అందేలోపు పడవ నది మధ్యకి పోయింది. వెనక రేవంతా చీకటి. వందల దీపాల చోట ఒక్క దీపం మిగిలింది. మా అమ్మమ్మది. స్టీమరు మొహం మా వైపే ఉంది, దాని కొసన దీపం నిశ్చలంగా వెలుగుతోంది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే అది గౌతమిని అడ్డంగా దాటి ఎదుర్లంక ఒడ్డు తాకింది.

తాకలేదు. రబ్బరు అయిపోయి మధ్యలో ఆగింది. పోటు దాన్ని ఎగువకి ఈడ్చుకుపోయింది. మంచులో కలిసిపోయేదాకా దీపం మాత్రం ఆరలేదు. ఇంతవరకూ నిజం, ఒట్టు.

"వెళ్ళిందిరా!" అమ్మమ్మ చేతులు జోడించింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "ఈ జన్మకి నా దీపం వెళ్ళింది!"

"ఎదుర్లంక ఎక్కలేదు నాయనమ్మా," అంది తాయారు. అది తలనుంచి పాదాలదాకా తడిసి ఉంది.

"మంచులో నీకేం కనబడింది? వెళ్ళింది కదా, ఎక్కే ఉంటుంది. ఒరే రత్నం, ఇలా రా. తాయారు నీదే!"

చూశారా? గెలిచాను. ఇక్కడితో ఆపేస్తే ఇది వీరగాథ. కానీ సూరమ్మగారు ఊరుకోలేదు.

"బావుందండీ పిన్నిగారూ! మీ ఒక్క పోలి కోసం ఊరందరి పోలుల్నీ ముంచేసేరు!"

అమ్మమ్మ నిటారుగా నిలబడింది. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకునే అదను అది. "కథలో జరిగింది మాత్రం ఏవిటే? పోలి ఒక్కత్తే వెళ్ళింది. కాళ్ళు పట్టుకు వేళ్ళాడిన వాళ్ళు కిందపడ్డారు. గది ఒక్కటే ఖాళీ అయింది కాబోలు!"

ఆ మాటకి రేవు మొత్తం ఒక్కటైంది. ఫ్రెంచివాళ్ళని పంపేటప్పుడు కూడా మా ఊళ్ళో అంత ఐకమత్యం చూడలేదు. సూరమ్మగారు కొంగు బిగించింది.

"అయితే వినండి. మా దీపాలు వెళ్ళకపోతే మీ ఇంటి పెళ్ళికి ఒక్క ముత్తైదువ రాదు. పసుపు దంచడానికి రాం, మంగళహారతి పట్టం. పెళ్ళికూతురికి నలుగు మీ మనవడే పెట్టుకోవాలి."

అమ్మమ్మ మొహంలో స్వర్గం గభాలున దిగిపోయింది. ముత్తైదువలు లేని పెళ్ళి పెళ్ళా! కాకినాడ గుమస్తా మళ్ళీ కుర్చీలో సర్దుకు కూర్చున్నట్టు నాకు కనిపించింది.

"ఒరే రత్నం."

"అమ్మమ్మా."

"దిగు."

దిగాను. పీకల్లోతు నీళ్ళు. కార్తీకం వెళ్ళిన తెల్లవారుజాము చలి. చీకట్లో తడుముకుంటూ తేలుతున్న దొప్పలు ఏరి ఒడ్డుకి చేర్చాను. జోజీ లాంతరు పట్టుకుని పొడివత్తులూ నూనే అందించాడు. ఆడవాళ్ళు ఎవరిది వాళ్ళు వెలిగించి నాకిచ్చారు. అందరికంటే ముందు తాయారు ఇచ్చింది. నేను ఒక్కొక్కటీ పట్టుకెళ్ళి, వెనక నిలబడి, రెండు చేతులతో నీళ్ళు తన్ని ముందుకి పంపాను. పోటు వెనక్కి తెస్తోంది. నేను మళ్ళీ తంతున్నాను. ఒడ్డునుంచి ఆజ్ఞలు.

"మాది ఇంకా ముందుకి నాయనా!"

"ఆ వంకరదొప్ప మాదే, దాన్ని చిన్నచూపు చూడకు!"

"బావా, నాది ఆరిపోయింది. మళ్ళీ!"

నా పళ్ళు తాళం వేస్తున్నాయి. జోజీ ఒడ్డునుంచి ధైర్యం చెప్పాడు. "గురూ, వెనకచక్రంగా ఆ పడవదాని కంటే నువ్వే సరిగ్గా ఉన్నావు!"

తూరుపు తెల్లబడేసరికి ఒక్కొక్కటే నది మధ్యకి పట్టుబడి సాగిపోయాయి. ఎండ పొడిచాక సూరమ్మగారు తన దొప్ప కనుచూపు దాటడం చూసి, కొంగు వదులు చేసి, "కుర్రాడు మంచివాడే. తెలివితేటలు లేకుండా ఉంటే ఇంకా మంచివాడయ్యేవాడు," అని తీర్పు చెప్పింది. నాలుగు రోజులు జ్వరంతో మంచం మీదున్నాను. మాఘంలో మా పెళ్ళయింది. పసుపు దంచడానికి ఊరంతా వచ్చింది. కానీ ఆ ఏటి నుంచి ప్రతి పోలికీ, చీకటితోనే, "వెనకచక్రం అల్లుడుగారేరీ? నీళ్ళలో దిగమనండి" అని కబురొచ్చేది. మోకాళ్ళు మొరాయించేదాకా దిగాను.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఒక సాయంత్రం, కందిపప్పు ఏరుతున్న తాయారుని అడిగాను. "ఆరోజు నేను పుల్ల లాగకముందు దీపం వదిలి కళ్ళు మూసుకున్నావే, ఏవిటి మొక్కుకున్నావు?"

నా గురించే అయ్యుంటుందని నా ధీమా. దాని నోట వినాలని సరదా.

"కాకినాడ సంబంధం కుదరాలని," అంది, పప్పులోంచి తల ఎత్తకుండా.

"మరి... రెండోసారి వెలిగించి నా చేతికే ఇచ్చావు కదే? నీదే కదా అందరి వాటికంటే దూరం తన్నాను!"

"రెండోసారి ఏవీ మొక్కుకోలేదు. నువ్వు పీకల్లోతు నీళ్ళలో పళ్ళు కొరుక్కుంటూ ఊరందరి దీపాలూ తోస్తుంటే నవ్వొచ్చి మర్చిపోయేను. మొదటిది నీ చక్రం మింగబట్టి బతికిపోయేవు బావా."

అది నిజమో వేళాకోళమో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కాబట్టి నాలో మిగిలిన నాలుగు పళ్ళ సాక్షిగా, పోటూ ఆటూ రెండూ ఎరిగిన గౌతమి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ వెనకచక్రం స్టీమరు కట్టను. కట్టినా వెనక్కి నడపను. ఒకవేళ నడపవలసే వస్తే, ముందుగా తాయారు ఏం మొక్కుకుందో కనుక్కుని, దాన్నిబట్టి ఏ దీపం ముంచాలో నిర్ణయించుకుంటాను.